మానాలన్న మనసుకు కొలబద్ద

తాగుడు, మత్తుమందుల చికిత్సకు వచ్చిన మనిషిలో మానాలన్న కోరిక ఎంత బలంగా ఉందో కొలిచే ప్రశ్నావళులు 1980ల నుంచే వాడుకలోకి వచ్చాయి. అంతకు ముందు రెండు వందల ఏళ్లు ఆ కోరికను ఎవరూ కొలవలేదని కాదు. పద్ధతులు వేరుగా ఉండేవి. ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం, న్యాయాధికారి ముందు అర్జీ, ఆసుపత్రిలో ఎన్ని రోజులు నిలిచాడన్న లెక్క, కొన్ని చోట్ల అవమానాన్ని ఎంతవరకు ఓర్చుకుంటాడన్న పరీక్ష. ఈ కొలతలు చాలావరకు ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని గుమ్మం బయటే ఆపాలో తేల్చడానికి ఉపయోగపడ్డాయి. చికిత్స ఫలించనప్పుడు తప్పును రోగి మీదికి నెట్టడానికీ ఉపయోగపడ్డాయి. ఆ అలవాటు ఎలా పడిందో, ఏ పరిశోధనలు దాన్ని కదిలించాయో తెలిస్తేగాని ఈనాడు డీ-అడిక్షన్ కేంద్రాల్లో రోగి చేతికిచ్చే ప్రశ్నల కాగితం వెనక ఉన్న ఆలోచన అందదు.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఒకరైన ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ 1784లో ఘాటు మద్యాల ప్రభావం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. తర్వాత ఆయన ప్రచారంలోకి తెచ్చిన 'నైతిక, శారీరక థర్మామీటరు' పటంలో పై కొసన నీళ్లు, దాని పక్కన 70 అంకె. అడుగు కొసన రాత్రింబవళ్లు తాగే రమ్ము, దాని పక్కన మైనస్ 70. ఒక్కో మెట్టుకూ తగిన దుర్గుణాలు, జబ్బులు, శిక్షలు వరసగా రాసి ఉంటాయి. తాగుడుకు కొలత దొరికింది గాని, తాగే మనిషి ఏమనుకుంటున్నాడన్నదానికి ఆ పటంలో చోటు లేదు. అయితే తాగుడు ఇష్టంతో మొదలై, అలవాటుగా మారి, చివరికి మనిషి చేతిలో లేకుండా పోతుందని గుర్తించినవారిలో రష్ మొదటివరసలో ఉంటారు. నౌకాదళ వైద్యుడైన స్కాట్లండు వాసి థామస్ ట్రాటర్ 1804లో మరో మెట్టు ముందుకు వేశారు. తాగుబోతుతనం మనసుకు సంబంధించిన జబ్బు అన్నారు. వైద్యుడు ముందుగా రోగి నమ్మకాన్ని సంపాదించుకోవాలని కూడా రాశారు. ఈ రెండో మాట విలువ వైద్యలోకానికి తెలిసిరావడానికి మరో నూటయాభై ఏళ్లు పైనే పట్టింది.

పంతొమ్మిదో శతాబ్దంలో సంకల్పానికి రుజువు సంతకం. 1840లో బాల్టిమోరు నగరంలో ఒక సారాయి దుకాణంలో కూర్చుని తాగుతున్న ఆరుగురు ఇక ముట్టమని ప్రతిజ్ఞ రాసుకుని వాషింగ్టోనియన్ సంఘాన్ని పెట్టారు. కొన్నేళ్లలోనే లక్షలమంది సంతకాలు చేశారని సంఘం చెప్పుకుంది. దశాబ్దం తిరగకుండానే ఉద్యమం చల్లబడింది. సంతకం చేసిన క్షణంలో ఉన్న మనసు ఆరు నెలల తర్వాత ఎలా ఉందో చూసే ఏర్పాటు ఆ సంఘానికి లేదు.

బ్రిటన్ ఈ సంతకాన్ని చట్టంలోకి తెచ్చింది. 1879 నాటి హాబిచువల్ డ్రంకర్డ్స్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఆశ్రమంలో చేరాలనుకునే తాగుబోతు తానే రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోవాలి. అతను నిజంగా తాగుడుకు బానిసేనని ఇద్దరు వ్యక్తులు ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. ఇద్దరు న్యాయాధికారులు అతన్ని ఎదురుగా నిలబెట్టి, అర్జీ పర్యవసానం అతనికి తెలుసని రూఢి చేసుకుని ధ్రువీకరించాలి. ఇంత జరిగి లోపలికి వెళ్లాక గడువు తీరేదాకా, అంటే గరిష్ఠంగా ఏడాదిపాటు, తన ఇష్టానికి బయటకు రాకూడదు. ఖర్చు కూడా తనదే. తాగుడు తగ్గి తెలివిగా ఉన్న ఒక పూట ఈ తంతంతా పూర్తి చేయగలిగినవాడికే చికిత్స. పేదలకు అది అందనే లేదు. తాగుబోతునని పెద్దమనుషుల ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడినవాళ్లకూ అందలేదు. ఈ వడపోతలో మిగిలినవారి సంకల్పం గట్టిదే కావచ్చు. జల్లెడలోంచి జారిపోయినవాళ్లకు సంకల్పం లేదని మాత్రం అది రుజువు చేయదు.

1935లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఈ లెక్కను పూర్తిగా తేలిక చేసింది. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. అది ఉందని చెప్పేది కూడా ఆ మనిషే, పక్కవాళ్లు సాక్ష్యం ఇవ్వనక్కరలేదు. వ్యసన చికిత్స చరిత్రలో ఇంత ఉదారమైన ప్రవేశ నియమం అరుదు. కానీ అదే ఉద్యమం చుట్టూ మరో నమ్మకం కూడా పెరిగింది: మనిషి అట్టడుగుకు పడితే తప్ప మారడని. విల్సన్‌కు చికిత్స చేసిన మనోవైద్యుడు హ్యారీ టీబో 1940లలో దీనికి 'లొంగుబాటు' అన్న సిద్ధాంతరూపం ఇచ్చారు. మద్యపాన పరిశోధకుడు ఇ. ఎం. జెల్లినెక్ 1946లో ఆ సంఘం సభ్యులు పూరించి పంపిన 98 ప్రశ్నపత్రాల ఆధారంగా తాగుడు దశలను వర్ణించారు. బ్రిటిష్ మనోవైద్యుడు మాక్స్ గ్లాట్ 1958లో వాటికి కోలుకునే దశలను జతచేసి ఒక పటం గీశారు. ఎడమవైపు కిందికి జారుతూ అడుగుకు చేరి, కుడివైపు పైకి లేచే ఆ గీత ఎన్నో చికిత్సాలయాల గోడలకెక్కింది. చూసినవాళ్లకు అందులో ఒక అర్థం తోచింది: ఇంకా అడుగు తగలనివాడికి చికిత్స దండగ. ఉద్యోగం పోయి, ఇల్లు చెదిరి, కాలేయం పాడయ్యేదాకా ఆగమని చెప్పడమే అది. ఎదురుచూపులోనే ప్రాణాలు పోయినవాళ్లు ఏ లెక్కలోకీ రాలేదు.

మత్తుమందుల విషయంలో, మానాలన్న కోరిక ఎవరిలో ఉందన్న ప్రశ్నకు అతి పెద్ద ప్రయోగశాల కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్. అమెరికా ప్రభుత్వం 1929 నాటి పోర్టర్ చట్టం కింద అక్కడ వెయ్యి ఎకరాల్లో ఒక ఆసుపత్రి కట్టి 1935లో తెరిచింది. జనం దాన్ని నార్కోటిక్ ఫార్మ్ అనేవారు. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఇలాంటిదే 1938లో మొదలైంది. లెక్సింగ్టన్‌లో రెండు రకాల రోగులు ఒకే కప్పు కింద ఉండేవారు: శిక్ష పడి వచ్చిన ఖైదీలు, తమంతట తాము వచ్చిన స్వచ్ఛంద రోగులు. పాడిపశువుల దగ్గర, కుట్టుపని గదుల్లో, సంగీత బృందాల్లో ఇద్దరూ పక్కపక్కనే పనిచేసేవారు. ఖైదీ శిక్ష తీరేదాకా ఉండాలి. స్వచ్ఛందంగా వచ్చినవాడు అడిగిన వెంటనే వెళ్లిపోవచ్చు. ఒంట్లోంచి మత్తు దిగి, నొప్పులు తగ్గగానే వాళ్లలో ఎక్కువమంది డాక్టర్లు చెప్పిన గడువుకు ముందే వెళ్లిపోయేవారు, మళ్లీ వచ్చేవారు. స్వేచ్ఛగా వచ్చినవాడికి కోరిక ఎక్కువ, బలవంతంగా వచ్చినవాడికి తక్కువ అన్న సాధారణ నమ్మకాన్ని లెక్కలతో సరిచూసే అవకాశం ఇలా దొరికింది.

లెక్కలు ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు. 1962లో వెలువడిన ఒక అధ్యయనం లెక్సింగ్టన్ నుంచి న్యూయార్క్ తిరిగి వెళ్లిన 1,912 మందిని గమనించింది. నూటికి తొంభైమందికి పైగా మళ్లీ మందు పట్టారు. మనోవైద్యుడు జార్జ్ వేలంట్ 1952-53లో ఆ ఆసుపత్రిలో చేరిన వందమంది న్యూయార్క్ వాసుల జీవితాలను పన్నెండేళ్ల పొడవునా పరిశీలించి 1966లో ఫలితాలు ప్రచురించారు. తమంతట తాము చేరి తమంతట తాము వెళ్లిపోయినప్పుడు నిలకడ దాదాపు కనిపించలేదు. జైలు నుంచి వచ్చాక ఏడాదికి తగ్గకుండా పెరోలు అధికారి పర్యవేక్షణలో ఉన్నప్పుడు మందుకు దూరంగా ఉన్నవారు ఎంతో ఎక్కువ. దీన్ని బట్టి బలవంతమే మందు అనుకోవడం తొందరపాటు అవుతుంది. గుమ్మం దగ్గర కనిపించే ఇష్టం ఒక్కటే మనిషి భవిష్యత్తును చెప్పదన్నది దీన్నుంచి తేలే విషయం. రోజూ ఉద్యోగానికి వెళ్లాలన్న నియమం, అడిగే మనిషి ఒకరు ఉండటం, బయట జీవితం మళ్లీ అల్లుకోవడం కూడా లెక్కలోకి వస్తాయి.

అదే కాలంలో చికిత్సా సముదాయాలు పూర్తిగా వేరే దారి పట్టాయి. 1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ పెట్టిన సిననాన్, దాని బాటలో 1963లో న్యూయార్క్‌లో వచ్చిన డేటాప్ ఇలాంటివి. మాజీ వ్యసనపరులే నడిపే ఈ ఇళ్లలో చేరాలని వచ్చినవాడిని ముందుగా ఒక కుర్చీలో కూర్చోబెట్టేవారు. గంటల తరబడి ఎవరూ పలకరించరు. తర్వాత పాతవాళ్లంతా చుట్టూ చేరి, నీకు నిజంగా సాయం కావాలా, లేక పోలీసుల నుంచి తప్పించుకోవడానికి వచ్చావా అని గద్దించేవారు. లేచి వెళ్లిపోతే కోరిక లేనట్టు, ఓర్చుకుంటే ఉన్నట్టు. ఆ ఇళ్లలో బతికి బయటపడి, ఎందరికో అండగా నిలిచినవాళ్లున్నారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయకూడదు. అయినా అవమానాన్ని తట్టుకునే శక్తి వేరు, మానాలన్న కోరిక వేరు. ఆ కుర్చీ మొదటిదాన్నే కొలిచింది.

ఈ మొత్తం దృష్టిని తలకిందులు చేసిన పని బోస్టన్‌లో జరిగింది. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తాగి పడిపోయినవాళ్లు, దెబ్బలు తగిలినవాళ్లు రోజూ వచ్చేవారు. డాక్టర్లు కట్టు కట్టి, అదే ఆసుపత్రిలోని మద్యపాన క్లినిక్‌కు వెళ్లమని చీటీ రాసిచ్చేవారు. నూటికి అయిదుగురు కూడా వెళ్లేవారు కాదు. వాళ్లకు మారాలని లేదు, మనమేం చేస్తాం అన్నది సిబ్బంది మాట. మనోవైద్యుడు మారిస్ చాఫెట్జ్ ఆ మాటను పరీక్షకు పెట్టారు. రోగుల్లో సగంమందికి ఎప్పటి పద్ధతే. మిగతా సగంమంది అత్యవసర విభాగంలోకి అడుగుపెట్టిన క్షణం నుంచే ఒక మనోవైద్యుడు, ఒక సామాజిక కార్యకర్త దగ్గరుండి చూసుకున్నారు. పడుకోవడానికి చోటు, తిండి, ఇంటికి కబురు వంటి అవసరాలు ముందు తీర్చారు. క్లినిక్‌లో తర్వాత కలవబోయేది కూడా ఆ ఇద్దరే. 1962లో వచ్చిన ఫలితం ప్రకారం పాత పద్ధతిలో వందకు సుమారు అయిదుగురు క్లినిక్‌కు వస్తే, కొత్త పద్ధతిలో 65 మంది వచ్చారు. అయిదుసార్లు, ఆపైన వచ్చినవాళ్లు పాత పద్ధతిలో వందకు ఒక్కరు, కొత్త పద్ధతిలో 42 మంది. రోగులు అదే ఊరివాళ్లు, అదే ఆసుపత్రికి వచ్చినవాళ్లు. మారింది వాళ్లను చూసుకున్న తీరు.

ఆ దారిలోనే చిన్న చిన్న ప్రయోగాలు మరికొన్ని వచ్చాయి. ఒంట్లో మత్తు దిగి ఇంటికి వెళ్లిన రోగికి, మీ గురించి ఆలోచిస్తున్నాం, మళ్లీ రండి అన్న ధోరణిలో చేత్తో రాసిన ఒక ఉత్తరం పంపితే తిరిగి వచ్చేవారి సంఖ్య పెరిగిందని 1965లో ఒక పరిశోధన చూపింది. 1967లో టెలిఫోను పలకరింపుతోనూ అదే తేలింది. ఒక ఉత్తరం, ఒక ఫోను. ఇంతమాత్రానికే కదిలే కోరికను రోగి స్వభావంలో బండలా పాతుకుపోయిన గుణం అనడం ఎలా కుదురుతుంది?

చాఫెట్జ్ బృందం నుంచి 1967లో వచ్చిన మరో వ్యాసం వ్యసన చికిత్సలో ఉన్న ప్రతివారూ చదవదగ్గది. అత్యవసర విభాగంలో పనిచేసిన తొమ్మిదిమంది డాక్టర్లను, తాగుబోతు రోగులతో మీ అనుభవం ఏమిటని అడిగి, వాళ్ల జవాబులను టేపు మీద రికార్డు చేశారు. తర్వాత మాటలు అర్థం కాకుండా, స్వరం ధోరణి మాత్రం వినిపించేలా ఆ టేపులను వడగట్టారు. విన్నవాళ్లు ఆ స్వరాల్లో కోపం ఎంత, ఆందోళన ఎంత అని అంకెలు వేశారు. ఆ అంకెలను, ఒక్కో డాక్టరు పంపిన రోగుల్లో ఎంతమంది నిజంగా చికిత్సకు వెళ్లారన్న పాత లెక్కలతో పక్కపక్కన పెట్టి చూశారు. స్వరంలో కోపం ఎక్కువగా ఉన్న డాక్టర్ల రోగులు తక్కువగా వెళ్లారు. డాక్టర్లు చెప్పిన మాటలను కాగితం మీద చదివితే ఆ తేడా అందలేదు. గొంతులోనే ఉంది. రోగిలో లేదని దశాబ్దాలుగా అంటున్న ప్రేరణ కొంతైనా డాక్టరు గొంతులో పోయిందన్నమాట. తొమ్మిదిమంది మీద చేసిన చిన్న అధ్యయనమే, నిజం. అయినా అది అడిగిన ప్రశ్న పెద్దది.

1965లోనే మ్యూరియల్ స్టర్న్, డేవిడ్ పిట్‌మన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు సిబ్బంది ఆలోచనలనే పరిశోధనాంశంగా తీసుకున్నారు. తాగుబోతులతో పనిచేసే వైద్యులు, సామాజిక కార్యకర్తలు, మతసేవకులను అడిగి చూస్తే ఎక్కువమంది ప్రేరణ లేనిదే చికిత్స లేదన్నారు. ఆ ప్రేరణ రోగి వెంట తెచ్చుకోవలసిన వస్తువు అన్నట్టే మాట్లాడారు. ప్రేరణ అన్న భావనే చికిత్సకు అడ్డుగోడ అయిందని ఆ ఇద్దరూ తేల్చారు. అది వెలువడినా ఆచరణ వెంటనే మారలేదు. 1970ల అమెరికన్ చికిత్సాకేంద్రాల్లో రోగి ఒప్పుకోకపోతే దాన్ని నిరాకరణ అనేవారు, ఆ నిరాకరణను బద్దలు కొట్టడమే చికిత్స అనుకునేవారు.

దీనికి గట్టి జవాబు నార్వేలో మొదలైంది. 1982లో న్యూమెక్సికో విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ బెర్గెన్ దగ్గరి హెల్లెస్టాడ్ క్లినిక్‌లో కొన్ని నెలలు గడిపారు. అక్కడి యువ మనస్తత్వవేత్తలు రోగి పాత్ర వేసి, మీరైతే ఎలా మాట్లాడతారో చూపించమని ఆయన్ను అడిగేవారు. మధ్యలో ఆపి, ఆ ప్రశ్నే ఎందుకు అడిగారు, ఈ మాట ఎందుకు వదిలేశారు అని నిలదీసేవారు. ఆ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ రాసుకున్నదే 1983లో వ్యాసమైంది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అన్న పద్ధతికి అదే ఆరంభం. వాదించవద్దు, మానడానికి కారణాలను రోగి నోటితోనే చెప్పించు అన్నది దాని సారం. 1985లో మిల్లర్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ గుదిగుచ్చి, ప్రేరణను రోగి గుణంగా చూడటం మాని, రోగికీ వైద్యుడికీ పరిస్థితులకూ మధ్య నడిచే వ్యవహారంగా చూడాలని వాదించారు. కదిలేదైతే దాన్ని ముందూ వెనకా కొలిచి తేడా చూడవచ్చు. స్కేళ్ల అవసరం అలా వచ్చింది.

మిల్లర్ తొలి వ్యాసం వచ్చిన 1983లోనే రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ప్రొచాస్కా, ఆయనతో కలిసి పనిచేసిన కార్లో డిక్లెమెంటే సొంతంగా సిగరెట్లు మానడానికి ప్రయత్నిస్తున్న 872 మంది మీద అధ్యయనం ప్రచురించారు. మార్పు ఒక్కసారిగా రాదని, దశలుగా వస్తుందని వాళ్ల వాదన. సమస్యే లేదనుకునే దశ, ఉందేమో అని తర్జనభర్జన పడే దశ, పూనుకునే దశ, నిలబెట్టుకునే దశ. ఈ దశలను కొలవడానికి ప్రొచాస్కా సహచరులతో కలిసి తయారుచేసిన ప్రశ్నావళికి యూరికా అని పేరు. అందులో 32 వాక్యాలు, ఒక్కో దశకు ఎనిమిది. ప్రతి వాక్యానికీ ఏమాత్రం ఒప్పుకోను నుంచి పూర్తిగా ఒప్పుకుంటాను వరకు 1 నుంచి 5 దాకా అంకె వేయాలి. చివరి మూడు దశల సగటులు కూడి, మొదటి దశ సగటు తీసేస్తే సంసిద్ధత అంకె వస్తుంది. అది మైనస్ 2 నుంచి 14 లోపు ఉంటుంది. మొదట మానసిక చికిత్సకు వచ్చే మామూలు రోగుల కోసం తయారైన ఈ ప్రశ్నావళిని 1990 నాటికి మద్యపాన చికిత్సలో ప్రయత్నించారు.

మిల్లర్ తాగుడు కోసమే ప్రత్యేకంగా సోక్రటీస్ అన్న స్కేలు తయారుచేశారు. ఆయనా, స్కాట్ టోనిగన్ కలిసి 1996లో ప్రచురించిన రూపంలో 19 వాక్యాలున్నాయి. రాయడం మొదలుపెట్టినప్పుడు అనుకున్నది ప్రొచాస్కా దశలనే పట్టుకోవాలని. సమాధానాలను విశ్లేషిస్తే దశలు విడివిడిగా కనిపించలేదు. మూడు పాయలు తేలాయి: సమస్యను గుర్తించడం, ఊగిసలాట, అప్పటికే అడుగులు వేస్తుండటం. మిల్లర్ బృందం సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడకుండా సమాధానాల్లో కనిపించిన మూడింటినే స్కేలుగా నిలబెట్టింది. ఇందులో ఊగిసలాటకు సంబంధించిన నాలుగు వాక్యాలు చాలా సున్నితమైనవి. నా తాగుడు అదుపులో ఉందా లేదా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది అన్న తరహాలో ఉంటాయి అవి. ఇక్కడ ఎక్కువ అంకె వస్తే మనిషి తలుపు కొంచెం తెరిచే ఉంచాడని. తక్కువ అంకెకు మాత్రం రెండు అర్థాలున్నాయి. నాకు ఏ సమస్యా లేదని గట్టిగా నమ్మినవాడికీ తక్కువే వస్తుంది, నేను తాగుడుకు బానిసనని నిస్సందేహంగా తెలుసుకున్నవాడికీ తక్కువే వస్తుంది. గుర్తింపు అంకెను పక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఎవరు ఎవరో తెలియదు. ఒకే అంకె చూసి రోగి మీద తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఈ నాలుగు వాక్యాల దగ్గరే తెలుస్తుంది.

పరిశోధకులు స్టీఫెన్ రోల్నిక్, నిక్ హీదర్ తదితరులు 1992లో 12 వాక్యాల చిన్న ప్రశ్నావళిని తెచ్చారు. దాని గురి వేరు. చెయ్యి విరిగో, కడుపునొప్పితోనో మామూలు వార్డుల్లో చేరి, తాగుడు ఎక్కువని బయటపడినవాళ్ల కోసం అది. చికిత్స అడగనివాళ్ల మనసు ఎక్కడుందో తెలుసుకోవాలన్న ఆలోచనే అప్పటికి కొత్త. పొగతాగేవారి కోసం 1991లో వచ్చిన నిచ్చెన పటం, 0 నుంచి 10 దాకా గీసిన రూళ్లబద్ద ఇంకా తేలికైనవి. రూళ్లబద్దను వాడే తీరులో ఒక మెలకువ ఉంది. రోగి 4 అన్నాడనుకుందాం. 8 ఎందుకు కాదు అని అడిగితే మానలేకపోవడానికి కారణాలు ఏకరువు పెడతాడు. 1 ఎందుకు కాదు అని అడిగితే, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారండీ, ఒంట్లో బాగుండటం లేదండీ అంటూ మానడానికి కారణాలు తానే చెప్పుకుంటాడు. కొలిచే పనే ఇక్కడ చికిత్సలో మొదటి పనీ అవుతోంది.

చికిత్సా సముదాయాల్లోంచి కూడా కొలత పుట్టింది. న్యూయార్క్‌లో ఫీనిక్స్ హౌస్ అనే అలాంటి సముదాయంతో కలిసి పనిచేసిన జార్జ్ డి లియోన్ 1980ల నుంచి సహచరులతో రూపొందించిన స్కేళ్లు పరిస్థితులు, ప్రేరణ, సంసిద్ధత, ఈ తరహా చికిత్స తనకు సరిపడుతుందా అన్న నాలుగింటిని విడదీశాయి. కోర్టు కేసు, భార్య వెళ్లిపోతానన్న బెదిరింపు, ఉద్యోగం పోయే భయం పరిస్థితుల కిందికి వస్తాయి. ఇలా బతకడం చాలిక అన్న లోపలి విసుగు ప్రేరణ కిందికి. విసుగు ఉన్నంతమాత్రాన చికిత్స కోరుకోవాలని లేదు, నా అంతట నేనే మానేస్తాను అనుకోవచ్చు. అందుకే సంసిద్ధత మరొకటి. కుర్చీలో కూర్చోబెట్టి గద్దించిన పరంపరలోనే ఇంత ఓపికైన కొలత పుట్టడం గమనించదగ్గ మలుపు. టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయంలో డ్వేన్ సింప్సన్, జార్జ్ జో సమస్యను గుర్తించడం, సాయం కోరుకోవడం, చికిత్సకు సిద్ధంగా ఉండటం అని మూడు మెట్లు పెట్టారు. మత్తుమందుకు బదులుగా మెథడోన్ ఇచ్చే క్లినిక్‌లలో తొలి 60 రోజుల్లో ఎవరు చికిత్స మానుకుని వెళ్లిపోతారో ప్రేరణ అంకెలు కొంతవరకు ముందే చెప్పగలవని 1993లో చూపించారు. ఆ విశ్వవిద్యాలయం ఉన్నది ఫోర్ట్ వర్త్‌లో, 1938లో రెండో నార్కోటిక్ ఆసుపత్రి కట్టిన నగరంలోనే.

ఇంటివాళ్ల ఒత్తిడితో వచ్చినవాడి ప్రేరణ ఉత్తుత్తిదేనా అన్న ప్రశ్నకు 1995లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి జవాబు వచ్చింది. రిచర్డ్ రయన్, రాబర్ట్ ప్లాంట్, స్టెఫనీ ఓమాలీ 109 మంది మద్యపాన రోగుల్లో లోపలి ప్రేరణనూ బయటి ఒత్తిడినీ వేర్వేరుగా కొలిచారు. లోపలి ప్రేరణ ఉన్నవాళ్లు చికిత్సలో ఎక్కువగా నిలిచారు, అది ఊహించిందే. రెండూ ఎక్కువగా ఉన్నవాళ్లు అందరికంటే బాగా నిలిచారు. ఒత్తిడి ఒక్కటే అయితే చాలదు గాని, లోపల కాస్త నిప్పు ఉన్నచోట అది చెరుపు చేయలేదు. కోర్టు పంపిన రోగులు కూడా చికిత్సలో ప్రయోజనం పొందుతారని ఆ తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. చికిత్స ఫలించడానికి అది స్వచ్ఛందమే కానక్కరలేదన్న మాట 1999లో అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ ప్రకటించిన సూత్రాల్లో చేరింది.

ఈ స్కేళ్లకు అతి పెద్ద పరీక్ష ప్రాజెక్ట్ మ్యాచ్. 1989లో మొదలై 1,726 మందితో సాగిన ఈ అమెరికన్ అధ్యయనం మూడు చికిత్సలను పోల్చింది. ప్రేరణ తక్కువ ఉన్నవాళ్లకు ప్రేరణ పెంచే చికిత్స ఎక్కువగా పనిచేస్తుందన్న అంచనా 1997లో వచ్చిన ఫలితాల్లో చెప్పుకోదగ్గట్టు నిలబడలేదు. కానీ ఔట్‌పేషెంట్లలో మొదట్లో వచ్చిన సంసిద్ధత అంకెకు మూడేళ్ల తర్వాతి తాగుడుతో కూడా స్పష్టమైన సంబంధం కనిపించింది. అంకె అబద్ధం చెప్పలేదు, ఏ చికిత్స ఎవరికన్నది మాత్రం చెప్పలేకపోయింది. 2003లో భాషాశాస్త్ర నేపథ్యం ఉన్న పాల్ అమ్రైన్ ప్రశ్నావళిని పక్కనపెట్టి, 84 మంది మత్తుమందు రోగుల సంభాషణల వీడియోలనే కొలిచారు. చూస్తాను, ప్రయత్నిస్తాను, తప్పకుండా మానేస్తాను అన్న మాటలకు బలం ఒకటి కాదు కదా. అలాంటి మాటలు ఎన్నిసార్లు వచ్చాయన్నది ఫలితాన్ని చెప్పలేదు. వాటి బలం, అందులోనూ సంభాషణ ముగిసే వేళకు ఆ బలం ఎటు వెళ్తోందన్నది చెప్పింది.

విమర్శలూ వచ్చాయి. దశల సిద్ధాంతాన్ని ఇక పక్కనపెట్టాలని 2005లో బ్రిటిష్ మనస్తత్వవేత్త రాబర్ట్ వెస్ట్ రాశారు. దశల మధ్య గీతలు ఊహించి గీసినవని, ఏ ప్రణాళికా లేకుండా ఒక్కరోజులో మానేసేవాళ్లు ఎందరో ఉన్నారని ఆయన వాదన. అది సరైన విమర్శే. స్కేళ్లలో అసలు బలహీనత మరొకటి ఉంది: అడిగేది ఎవరన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. బెయిలు కోసం చూసేవాడు, ఆసుపత్రిలో మంచం దొరకదేమోనని భయపడేవాడు పెద్ద అంకెలే వేస్తాడు. అందుకే ఈ అంకెను ప్రవేశానికి షరతు చేయడం తప్పు. చేసిన క్షణం నుంచి అది కొలత కాకుండా పోతుంది.

భారతదేశంలో చట్టం ఇష్టమా, ఒత్తిడా అన్న ప్రశ్నను తనదైన రీతిలో ఎదుర్కొంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలోని 64ఎ సెక్షను ప్రకారం, కొద్దిమొత్తంలో మత్తుమందు దొరికిన వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్సకు తానై వస్తే విచారణ నుంచి మినహాయింపు ఉంటుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ మినహాయింపు పోవచ్చు. స్వచ్ఛందంగా రావడాన్ని ఇక్కడా రుజువుగానే తీసుకున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చి, రోగి తానుగా చేరే పద్ధతినీ, నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తుతో చేర్చే పద్ధతినీ వేరుచేసింది. మన ఆసుపత్రుల్లో చాలామందిని తల్లో, భార్యో, అన్నదమ్ములో వెంటబెట్టుకుని తీసుకొస్తారు కాబట్టి ఈ తేడాకు ఇక్కడ బరువు ఎక్కువ.

తెలంగాణలో 2015 సెప్టెంబరు నాటి అనుభవం డి లియోన్ చెప్పిన పరిస్థితులకు మంచి ఉదాహరణ. కల్తీ కల్లు మీద ఎక్సైజు దాడులు పెరిగి, మత్తు రసాయనాలు కలిపిన కల్లు దొరకకుండా పోగానే, వణుకు, ఫిట్లు, కలవరింతలతో జనం వందల సంఖ్యలో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి, జిల్లా ఆసుపత్రులకు వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది కల్లు మానాలని బయల్దేరినవాళ్లు కాదు. కల్లు దొరకక వచ్చినవాళ్లు. అప్పుడు సంసిద్ధత స్కేలు పెట్టి ఉంటే అంకెలు తక్కువే వచ్చేవి కావచ్చు. కానీ వాళ్లు ఆసుపత్రి మంచం మీద, డాక్టరు మాట వినే దూరంలో ఉన్నారు. బోస్టన్ ప్రయోగం చెప్పిందేమిటంటే, అలాంటి గంటలోనే దగ్గర కూర్చుని మాట్లాడే మనిషి కావాలి.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఎయిమ్స్ చేసిన, 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైనవారు సుమారు 2.9 కోట్లు. వారిలో ఏదో ఒక చికిత్స అందినవారు 38 మందికి ఒకరు. చికిత్సాకేంద్రాల్లో నింపే ప్రశ్నావళులు ఆ ఒక్కరినే అడుగుతున్నాయి. మామూలు వార్డుల్లో చికిత్స అడగనివాళ్ల కోసం 1992లో తయారైన 12 వాక్యాల కాగితంగాని, రూళ్లబద్ద ప్రశ్నగాని పూర్తి కావడానికి కొద్ది నిమిషాలు చాలు. మిగతా 37 మంది జ్వరానికో, దెబ్బలకో, బీపీ మాత్రలకో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తూనే ఉంటారు. ఆ ప్రశ్నను అక్కడ అడగాలి. వచ్చిన అంకె ఎంతైనా సరే, అడిగినవాళ్లే మళ్లీ రమ్మని చెప్పి పంపాలి.